ట్యాబు పంచితే చదువు పంచినట్టేనా?

2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబుల పంపిణీ మొదలైంది. సుమారు 4.6 లక్షల మంది పిల్లలకు, 59 వేల మంది టీచర్లకు కలిపి 5.18 లక్షల ట్యాబులు. ఒక్కోదాని బజారు ధర రూ. 16,500 పైమాటేననీ, అందులో నింపిన బైజూస్ కంపెనీ పాఠాల విలువ మరో రూ. 15,500 అనీ అప్పటి ప్రభుత్వం లెక్క చెప్పింది. ఆ తర్వాత నడిచిన రచ్చంతా ధర గురించి, కంపెనీ గురించి, ముఖ్యమంత్రి పుట్టినరోజున పంచడం గురించి. మెచ్చుకున్నవాళ్లూ తిట్టిపోసినవాళ్లూ ఒక్క విషయంలో మాత్రం తగాదా పడలేదు. పిల్లల చేతికి తెర అందితే చదువు బాగుపడుతుందన్నది ఇద్దరికీ సమ్మతమే.

ఆ సమ్మతి మీదే నా తగాదా. హైస్కూలు తరగతి గదిలోకి కంప్యూటరూ ఇంటర్నెట్టూ రాకూడదని నేననడం లేదు. ముందు పరికరం కొనేసి, దానితో ఏం చెయ్యాలో తర్వాత వెతుక్కోవడం తలకిందుల పద్ధతి అంటున్నాను. టీచరు మీద పెట్టాల్సిన ఖర్చు ఎగ్గొట్టడానికి ప్రభుత్వాలకు దొరికిన మర్యాదైన దారి అది.

ఎదుటిపక్షం వాదన ముందు సరిగ్గా చెప్పుకుందాం. అందులో నాలుగు మాటలున్నాయి. ఒకటి, డబ్బున్న పిల్లల దగ్గర ఉన్నదే పేద పిల్లలకూ ఇస్తే సమానత్వం వస్తుంది. రెండు, తరగతిలో అందరికీ ఒకే పాఠం, తెర మీదైతే ఎవరి వేగం వాళ్లది. మూడు, టీచర్లు లేని చోటికి మంచి టీచరు పాఠాన్ని వీడియోగా పంపవచ్చు. నాలుగు, రేపటి లోకం కృత్రిమ మేధది కాబట్టి ఇవాళే అలవాటు చెయ్యాలి. వినడానికి నాలుగూ న్యాయంగానే ఉన్నాయి. చిక్కంతా అక్కడే.

ఈ ఆశ కొత్తదేమీ కాదు. బడుల్లో ఇక పుస్తకాలకు కాలం చెల్లుతుందని, అన్నీ కదిలే బొమ్మలతోనే నేర్పవచ్చని థామస్ ఎడిసన్ 1913లోనే జోస్యం చెప్పాడు. మన దేశంలో 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు, అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు పంపిన ‘సైట్’ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. 1984లో కేంద్రం ‘క్లాస్’ అనే పథకం పెట్టి బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు పంపింది. కరోనా కాలంలో తెలంగాణలో టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి, ఆంధ్రలో సప్తగిరి చానెల్ పాఠాలు చెప్పాయి. వీటిలో ఏదీ చెడ్డ యంత్రం కాదు. ఇస్రో ఇంజనీర్లకు ‘సైట్’ గొప్ప పాఠం నేర్పింది కూడా. అయినా పదేళ్లకో పదిహేనేళ్లకో మళ్లీ కొత్త యంత్రమే మందు అంటూ మొదలుపెడుతున్నామంటే, పాత మందు ఏ జబ్బు తగ్గించిందో ఎవరూ అడగలేదన్నమాట.

బయటి దేశాల్లో కొందరు అడిగారు. ‘ప్రతి బిడ్డకూ ఒక ల్యాప్‌టాప్’ ఉద్యమంలోకి అందరికన్నా పెద్ద ఎత్తున దూకిన దేశం పెరూ. 8 లక్షలకు పైగా ల్యాప్‌టాపులు కొని పంచింది. ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు పరిశోధకులు అక్కడి 319 పల్లె బడులను పరిశీలించి 2012లో ఫలితం ప్రకటించారు. పిల్లల దగ్గర కంప్యూటర్లు పెరిగాయి, వాటి వాడకమూ పెరిగింది. లెక్కల్లోనూ భాషలోనూ మాత్రం తేడా కనబడలేదు. లాస్ ఏంజిలెస్ నగరం 2013లో పాఠాలు నింపిన ఐప్యాడ్‌ల పంపిణీ మొదలుపెట్టింది. కొన్ని వారాలు తిరక్కుండానే హైస్కూలు పిల్లలు వాటి తాళాలు విప్పేసుకుని తమకు కావలసిన సైట్లు చూసుకున్నారు. మరుసటి ఏడాది ఆ ఒప్పందాన్నే రద్దు చేసుకున్నారు. అమెరికా డబ్బు, అమెరికా ఇంజనీర్లు ఉన్నచోటే ఇలా జరిగిందంటే తప్పు పరికరం నాణ్యతలో లేదు, అది వచ్చిన వరసలో ఉంది.

ఇక మొదటి మాట, సమానత్వం. తెర లేకపోవడమే పేద పిల్లవాడి లోటు అనుకుంటే, ఆ లోటు చాలావరకు ఇంట్లోనే తీరిపోయింది. దేశంలోని పల్లెల్లో 14-16 ఏళ్ల పిల్లల ఇళ్లలో నూటికి తొంభైకి పైగా స్మార్ట్‌ఫోను ఉందని పల్లె పిల్లల చదువు మీద సర్వే చేసే ‘అసర్’ 2024 నివేదిక చెప్పింది. ఫోను వాడటం తెలిసిన పిల్లల్లో అంతకుముందు వారంలో చదువు కోసం వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియా కోసం వాడినవాళ్లు 76 శాతం. ఆ ఫోను చదువు వైపు తిప్పే మనిషి పక్కన లేకపోవడమే అసలు కొరత. ఇంకో తెర ఇస్తే ఆ కొరత తీరదు.

డబ్బున్న తల్లిదండ్రులు దేన్ని కొంటున్నారో కూడా చూడండి. మన రెండు రాష్ట్రాల్లో అప్పులు చేసి మరీ పిల్లల్ని కార్పొరేట్ రెసిడెన్షియల్ క్యాంపస్‌ల్లో చేరుస్తున్నారు. అక్కడ పిల్లల దగ్గర ఫోను కనబడితే లాక్కుంటారు. ఫీజు కట్టి వాళ్లు కొంటున్నవి స్టడీ అవర్లు, వారం వారం పరీక్షలు, తప్పు ఎక్కడ జరిగిందో చెప్పే మనిషి. ఆ బట్టీ చదువు నాకు రుచించదు, దాన్ని ఆదర్శమనీ అనను. కానీ కార్పొరేట్ పిల్లలతో సమానం చేస్తున్నామంటూ, ఆ పిల్లలకు నిషేధించిన వస్తువును ప్రభుత్వ బడి పిల్లల చేతిలో పెట్టడం ఏ రకం సమానత్వమో ఎవరైనా చెప్పాలి.

రెండో మాట, ఎవరి వేగం వాళ్లది అన్నది. ఇందులో నిజం ఉంది. తరగతిలో నలభై మంది ఉంటే నలభై స్థాయిలుంటాయి. 14-18 ఏళ్ల పల్లె పిల్లల్లో నాలుగో వంతు మంది తమ భాషలో రెండో తరగతి వాచకం కూడా గడగడా చదవలేరని, మూడంకెల సంఖ్యను ఒక్క అంకెతో భాగించగలిగినవాళ్లు సగం కూడా లేరని అసర్ 2023 నివేదిక తేల్చింది. ఇలాంటి పిల్లవాడికి ఎనిమిదో తరగతి రేఖీయ సమీకరణాల వీడియో ఇచ్చి నీ వేగంతో చూసుకో అంటే వాడేం చూసుకోవాలి? ఆపి చూసినా, వెనక్కి తిప్పి చూసినా అది ఎనిమిదో తరగతి పాఠమే. పిల్లవాడికి రానిది మూడో తరగతిలో మిగిలిపోయిన భాగహారం. సమీకరణంలో మైనస్ ఏడును అటువైపు పంపేటప్పుడు వాడు గుర్తు మార్చకుండా రాస్తే వీడియోకు తెలియదు, సాగిపోతుంది. నోటుబుక్కు చూసే టీచరుకు తెలుస్తుంది. అంతేకాదు, వాడు గుర్తు మరచిపోయాడా, లేక గుర్తు ఎందుకు మారుతుందన్నదే వాడికి అర్థం కాలేదా అన్నది కూడా ఆమె ఒక్క ప్రశ్నతో కనిపెడుతుంది.

ఇక్కడ ఎదుటిపక్షం చేతిలో ఒక బలమైన ఆధారం ఉంది, దాన్ని దాచిపెట్టడం న్యాయం కాదు. కార్తీక్ మురళీధరన్, అభిజిత్ సింగ్, అలెహాంద్రో గానిమియన్ అనే ఆర్థికవేత్తలు ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించి 2019లో ఫలితాలు ప్రచురించారు. నాలుగున్నర నెలల్లోనే పిల్లలు లెక్కల్లోనూ హిందీలోనూ చెప్పుకోదగ్గంత ముందుకెళ్లారు. సాంకేతికత పనిచేస్తుందనడానికి ఇదే రుజువని దీన్ని అందరూ ఉటంకిస్తారు. ఆ పరిశోధనలో ఏం జరిగిందో మాత్రం చెప్పరు. ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారని సాఫ్ట్‌వేర్ ముందే పసిగట్టి, వాళ్లున్న మెట్టు నుంచే లెక్కలిచ్చింది. ట్యాబు ఇంటికిచ్చి పంపలేదు. పిల్లలు వారానికి ఆరు రోజులు ఒక కేంద్రానికి వచ్చారు. గంటన్నరలో సగం సేపు కంప్యూటర్ ముందు, మిగతా సగం సేపు పన్నెండు పదిహేను మంది గుంపుగా ఒక మనిషి దగ్గర కూర్చున్నారు. ఇంత కట్టుదిట్టంగా నడిచిన పద్ధతి సాధించిన ఫలితాన్ని తెచ్చి, అలాంటి ఏర్పాటేదీ లేని ట్యాబు పంపిణీకి సాక్ష్యంగా నిలబెట్టడం చెల్లదు. మైండ్‌స్పార్క్ ఫలితం నా వాదనకే సాక్ష్యం. పిల్లవాడు ఏ మెట్టు మీద ఉన్నాడో తెలుసుకుని, పక్కన మనిషిని పెట్టి, రోజూ పని చేయిస్తే సాంకేతికత సాయపడుతుంది.

మూడోది టీచర్ల కొరత. ఇదే నాకు అన్నిటికన్నా కోపం తెప్పించే వాదన, ఎందుకంటే ఆ కొరత ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 డీఎస్సీ (టీచర్ల నియామకం) తర్వాత మళ్లీ కొత్త డీఎస్సీ పూర్తయింది 2025లో, 16,347 పోస్టులతో. తెలంగాణలో 2017 టీఆర్‌టీ తర్వాత మళ్లీ పెద్ద నియామకం జరిగింది 2024లో, 11,062 పోస్టులతో. రెండు రాష్ట్రాల్లోనూ దాదాపు ఏడేళ్ల విరామం. ఆ ఏడేళ్లలోనే ట్యాబులొచ్చాయి, ఇంటరాక్టివ్ ప్యానెళ్లొచ్చాయి, యాప్‌లొచ్చాయి, డిజిటల్ విద్య మీద ప్రకటనలొచ్చాయి. టీచరు పోస్టు నింపితే ముప్ఫై ఏళ్లపాటు జీతమివ్వాలి. ట్యాబు ఒక్కసారి కొంటే చాలు, పైగా ఫొటో కూడా వస్తుంది. డాక్టరు పోస్టు ఖాళీగా ఉంచి ఊరికో మందుల షాపు తెరిచి వైద్యం చేరువైందని ఎవరైనా అంటే ఒప్పుకుంటామా? ఫిజిక్స్ టీచరు లేని బడికి ఫిజిక్స్ వీడియో పంపి కొరత తీరిందనడం అంతకంటే భిన్నమైన పనేమీ కాదు.

ఉన్న టీచరుకైనా సాంకేతికత మేలు చేసిందా? సగటు హైస్కూలు టీచరును అడిగి చూడండి. ఆమె రోజూ ముట్టుకునే సాంకేతికతకు పాఠంతో సంబంధమే ఉండదు. పొద్దున ముఖ హాజరు, తర్వాత పిల్లల హాజరు, మధ్యాహ్న భోజనం లెక్క, గుడ్ల లెక్క, ఫొటోల అప్‌లోడు. ఆంధ్రలో 2022లో ముఖ హాజరు యాప్ తెచ్చినప్పుడు టీచర్ల సంఘాలు అభ్యంతరం చెబితే, పని దొంగలు కాబట్టే వద్దంటున్నారని ఎద్దేవా చేసినవాళ్లున్నారు. సిగ్నల్ లేని ఏజెన్సీ బడిలో ఫోను పైకెత్తి గుమ్మం దగ్గర నిలబడ్డ టీచరు పీరియడ్‌లో పది నిమిషాలు పోగొట్టుకుంటే, ఆ పది నిమిషాలు ఏ యాప్‌లోనూ నమోదు కావు. డిజిటల్ విద్య అన్న పేరుతో టీచరుకు ముందు దక్కింది నిఘా. బోధనకు పనికొచ్చే శిక్షణ, తీరిక, ఇంటర్నెట్ ఆ తర్వాతి వరసలో నిలబడ్డాయి.

పరికరానికి ఆయుష్షు ఎంత అన్నది ఇంకో ప్రశ్న. చదువుకు సంబంధించిన సాంకేతిక ఉత్పత్తులు సగటున 36 నెలలకోసారి మారిపోతున్నాయని యునెస్కో 2023 నివేదిక చెప్పింది. వాటి ఫలితాల మీద పక్షపాతం లేని ఆధారాలు చాలా తక్కువని కూడా అదే నివేదిక చెప్పింది. మన అనుభవం దీనికి అచ్చంగా సరిపోయింది. 2022లో ఎనిమిదో తరగతిలో ట్యాబు అందుకున్న పిల్లలు 2024 జూన్‌లో పదో తరగతిలోకి వచ్చారు. ఆ మరుసటి నెలలోనే బైజూస్ మాతృసంస్థ మీద దివాలా పరిష్కార ప్రక్రియ మొదలైంది. పదో తరగతి పిల్లవాడికి అన్నిటికన్నా అవసరమైన ఏడాదిలో, తన పాఠాలు తయారుచేసిన కంపెనీ ఉంటుందో పోతుందో తెలియని స్థితి. ప్రభుత్వం అచ్చువేసే పాఠ్యపుస్తకానికి ఈ బెంగ లేదు. అన్న చదివిన పుస్తకం చెల్లెలు చదువుకోవచ్చు, కరెంటు పోయినా తెరుచుకుంటుంది, దాని పేజీల్లో పిల్లవాడి వివరాలేవీ ఎవరికీ చేరవు.

ఆ చివరి మాట తేలిగ్గా తీసుకోకండి. కరోనా కాలంలో 49 దేశాల ప్రభుత్వాలు పిల్లలకు సిఫారసు చేసిన 160కి పైగా ఆన్‌లైన్ చదువు సాధనాలను హ్యూమన్ రైట్స్ వాచ్ పరిశీలించి 2022లో నివేదిక ఇచ్చింది. వాటిలో దాదాపు తొంభై శాతం పిల్లల సమాచారాన్ని వాళ్ల హక్కులకు ముప్పు తెచ్చే తీరులో వాడుకుంటున్నాయని తేలింది. మన ప్రభుత్వ వేదిక దీక్ష కూడా ఆ పరిశీలనలో ఉంది. మన దేశంలో 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది. బడిలో ఇచ్చిన పరికరం ఏ సమాచారం ఎవరికి పంపుతోందో తల్లికి తెలుగులో చెప్పి సంతకం తీసుకున్న సందర్భాలు ఎన్ని?

నాలుగోది కృత్రిమ మేధ. ఇప్పుడు ప్రభుత్వాలూ ప్రైవేటు బడులూ పోటీపడి పలుకుతున్న కొత్త పేరు ఇదే. తుర్కియేలో దాదాపు వెయ్యి మంది హైస్కూలు పిల్లల మీద జరిగిన ఒక పరిశోధన 2025లో పీఎన్ఏఎస్ పత్రికలో వచ్చింది. లెక్కలు సాధన చేసేటప్పుడు చాట్‌బాట్ సాయం తీసుకున్న పిల్లలు మిగతావాళ్లకన్నా 48 శాతం మెరుగ్గా చేశారు. అది తీసేసి పరీక్ష పెడితే, అసలు చాట్‌బాట్ ముట్టుకోని పిల్లలకన్నా 17 శాతం వెనకబడ్డారు. జవాబు చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చేలా, టీచర్ల సలహాతో తీర్చిదిద్దిన ఇంకో చాట్‌బాట్ ఇచ్చినప్పుడు ఆ నష్టం చాలావరకు తప్పింది. అలవాటు చేస్తే చాలు అనేవాళ్లు ఈ ఫలితాన్ని రెండుసార్లు చదవాలి. జవాబు సులువుగా దొరికితే పిల్లవాడి నోటుబుక్కు నిండుతుంది, బుర్ర ఖాళీగా ఉంటుంది. సూచన ఎక్కడ ఆపాలో, ఎక్కడ పిల్లవాణ్ని తన్నుకులాడనివ్వాలో తెలిసినవాడు టీచరే.

ఇంత చెప్పాక కొందరు మరో కొసకు దూకుతారు. స్వీడన్ చూడండి, తెరలు పక్కనబెట్టి పుస్తకాలకు తిరిగొచ్చింది, మనమూ అన్నీ బయట పారేద్దాం అంటారు. అదీ తప్పుడు పఠనమే. స్వీడన్ ప్రభుత్వం 2023లో పాఠ్యపుస్తకాలు కొనడానికి 68.5 కోట్ల క్రోనార్లు ఇచ్చింది, చిన్న పిల్లలకు తెరలు తగ్గించమంది. కంప్యూటర్లను బడి నుంచి వెళ్లగొట్టలేదు. ఏ వయసులో, ఏ పాఠానికి, ఎంతసేపు అన్న ప్రశ్న అడిగింది. ఆ ప్రశ్నే మనమూ అడగాలి.

అడిగితే జవాబులు మన దగ్గరే దొరుకుతాయి, అవి చవక కూడా. ఇస్రో 2009లో తెచ్చిన భువన్ పటాల సైటును నడుపుతున్నది హైదరాబాద్‌లోని జాతీయ దూర సంవేదన కేంద్రం. సోషల్ టీచరు తొమ్మిదో తరగతి పిల్లల చేత ముందు తమ ఊరి చెరువునూ దానికి నీళ్లొచ్చే వాగునూ కాగితం మీద గీయించి, ఆ తర్వాత ఒక్క ప్రొజెక్టర్ మీద ఉపగ్రహ చిత్రం చూపితే, వాళ్లు గీసిన దానికీ ఉన్నదానికీ తేడా ఎందుకొచ్చిందన్న దగ్గర అసలు పాఠం మొదలవుతుంది. చెరువు అంచుల్లో ఇళ్లు లేచిన సంగతి వాళ్లే పట్టుకుంటారు. కొలరాడో విశ్వవిద్యాలయం తయారుచేసిన ఫెట్ ప్రయోగాలు ఉచితంగా దొరుకుతాయి, డౌన్‌లోడ్ చేసుకుంటే ఇంటర్నెట్ లేకుండా కూడా నడుస్తాయి. నిరోధం రెట్టింపైతే విద్యుత్ ప్రవాహం ఏమవుతుందో ముందు పిల్లల్ని ఊహించమని, తర్వాత తెర మీద చూపించి, ఆ పైన బ్యాటరీ, బల్బు, తీగలతో చేయిస్తే పదో తరగతి విద్యుత్ పాఠం వాళ్ల చేతికి ఎక్కుతుంది. ఈ రెండింటికీ తరగతికి ఒక తెర చాలు. ఏం అడగాలో తెలిసిన టీచరు కావాలి, ఆమెకు సన్నాహం చేసుకునే తీరిక కావాలి, తాళం వేసి ఉంచిన సైన్స్ ల్యాబు తెరవాలి.

కాబట్టి ఏ ప్రభుత్వమైనా, ఏ కంపెనీ అయినా హైస్కూలుకు కొత్త పరికరం తెస్తే ఆ ఊరి తల్లిదండ్రుల కమిటీ మూడు ప్రశ్నలు అడగాలి. మా బడిలో ఏ పాఠం పిల్లలకు అర్థం కావడం లేదని గమనించి దీన్ని తెచ్చారు? ఆ పాఠం చెప్పే టీచరు పోస్టు నిండి ఉందా, ఆమెకు దీని మీద శిక్షణ ఇచ్చారా? మూడేళ్ల తర్వాత ఈ కంపెనీ లేకపోతే, ఈ పరికరం చెడిపోతే బాధ్యత ఎవరిది? మూడింటికీ జవాబుంటే సంతోషంగా తీసుకోండి. లేకపోతే ఫొటోకు నిలబడకండి.

బడిలో సమావేశం పెట్టినప్పుడు తల్లిదండ్రులు ట్యాబులెప్పుడిస్తారని అడుగుతుంటే నాయకులు ట్యాబులే ఇస్తారు. లెక్కల టీచరు ఎందుకు లేడని, మావాడి నోటుబుక్కు చివరిసారి ఎప్పుడు దిద్దారని అడగండి. ముందు టీచరు, తర్వాత పాఠం, ఆ తర్వాతే తెర. ఈ వరస తప్పిన పథకాన్ని ఏ పార్టీ తెచ్చినా, ఏ పేరు పెట్టినా, ఎంత ఖర్చు చూపినా కాదనాల్సిందే.